కుందేటితండ్రి యేమయ్యెను?

ఇటీవల నొక మిత్రుని యింటికి బోయితిని. విద్యావంతుడు; స్త్రీవిద్య మొదలగు విషయములలో మాటకే గాక చేతకును ముందుండువాడు. తన యాఱేండ్ల కుమార్తెకు రాత్రులు చదివి వినిపించు పుస్తకమును నాకు జూపెను. అది బియాట్రిక్స్ పాటర్ అను నాంగ్లరచయిత్రి వ్రాసి, తానే బొమ్మలు వేసిన పీటర్ రాబిట్ కథ. కథారంభముననే తల్లికుందేలు పిల్లలను హెచ్చరించును: మెక్‌గ్రెగర్ తోటకు బోవలదనియు, మీ తండ్రి యచ్చట జిక్కి ఆ యింటి యిల్లాలి చేతిలో మాంసపు వంటకమైపోయెననియు. నా మిత్రుడా మాటలపై తెల్లకాగితపు ముక్క యొకటి యంటించియుండెను.

“పసిమనసు బెదరును గదా, మాష్టరుగారూ!” అనెను.

“మఱి తండ్రి యేడని పాప యడుగలేదా?”

“అడిగినది. ఊరికి బోయినాడని చెప్పితిని.”

సత్యము కొఱకు కులపెద్దలతో గలహించిన మనుష్యుడు కన్నకుమార్తె యెదుట నిట్లు బొంకెను. బొంకి, అది వాత్సల్యమనుకొనెను. ఆ కాగితపు ముక్కమీదనే నా తగవు.

ఈ పని చేసినవాడు నా మిత్రు డొక్కడే కాడు. 1987లో ఇంగ్లండునందే లేడీబర్డ్ ప్రచురణకర్తలీ కథను తేలికమాటలలో దిరుగవ్రాయించి, రచయిత్రి బొమ్మలను దీసివైచి, గుడ్డబొమ్మల ఛాయాచిత్రములతో బ్రకటించిరి. అందు తల్లి చెప్పునదేమి? మెక్‌గ్రెగరునకు కుందేళ్లనిన నిష్టము లేదట! మా యింటి పిల్లికి స్నానమనిన నిష్టము లేదు. ఇష్టము లేకుండుట వేఱు, చంపి తినుట వేఱు. పీటర్ తోటలో బడి ముల్లంగి తిని, తఱుమబడి, జోళ్లు పోగొట్టుకొని, ఇత్తడి గుండీల కోటుతో వలలో దగుల్కొన్నప్పుడు వినెడి బిడ్డ యూపిరి బిగబట్టును. ఏల? వాని తండ్రి యీ తోటలోనే పోయెనని యెఱుగును గనుక. ఆ యొక్క వాక్యమును గప్పివేసినచో మిగిలినది కోటు పోగొట్టుకొన్న కొంటెపిల్లవాని వృత్తాంతము మాత్రమే.

ఈ కథ యుపన్యాసముగా బుట్టలేదు. 1893 సెప్టెంబరు 4వ తేదీన పాటర్, తనకు పూర్వము చదువు చెప్పిన యుపాధ్యాయురాలి కొడుకు, అయిదేండ్ల నోయెల్ మూర్ జబ్బుగా మంచము పట్టియుండగా, బొమ్మలతో నొక యుత్తరము వ్రాసెను.  పిమ్మట పుస్తకముగా జేయగోరిన బ్రకటనకర్తలు నిరాకరించిరి. 1901 డిసెంబరులో 250 ప్రతులను స్వంత సొమ్ముతో నచ్చొత్తించెను. 1902లో ఫ్రెడరిక్ వార్న్ సంస్థవారు రంగుల బొమ్మలతో బ్రకటించిరి. పసిచేతులలో నిముడవలెనని చిన్న పరిమాణము నామెయే పట్టుబట్టి సాధించెను. ఆ వరుసలో మొత్తము 23 కథలు వెలువడినవి.

ఆమెకు నిజమును జూచు కన్ను ఎట్లు గలిగెను? బడికి బంపలేదు; ఇంటనే చదువు. ఆ యింటిలోనే కుందేళ్లను, ఎలుకలను, గబ్బిలములను బెంచి వాని యవయవములను జూచి చూచి చిత్రించెను. పుట్టగొడుగుల బీజములు మొలకెత్తు విధమును బరిశోధించి 1897లో లండనులోని లినేయన్ సొసైటీకి వ్యాసము పంపెను. ఆ సభకు స్త్రీలు రాగూడదు. కావున మఱియొకరు దానిని సమర్పింపవలసివచ్చెను. పండితసభ తలుపు మూయగా నామె చూపంతయు పిల్లల పుస్తకములలోనికి బ్రవహించెననుట యతిశయోక్తి కావచ్చును గాని, కుందేటి చెవి యెటు వంగునో తప్పు వ్రాయని యామె కుందేటి చావును గూర్చి యేల తప్పు వ్రాయవలెను?

1908లో వెలువడిన జెమీమా యను బాతు కథను జూడుడు. గ్రుడ్లు పొదుగుటకు ఏకాంతస్థలము వెదకుచున్న యామెకు సొగసుగా మాటలాడు నొక పెద్దమనిషి యెదురై తన కొట్టమున జోటిచ్చును. అతడు నక్క. తుదకు విందు చేయుదుము, మసాలాకు ఆకులు, ఉల్లిగడ్డలు తెమ్మనును. తన్ను వండుటకు గావలసిన సంబారములను తానే యేరి తెచ్చుచున్నానని యా వెఱ్ఱిబాతు ఎఱుగదు! కుక్కలు వచ్చి కాపాడును; కాపాడిన కుక్కపిల్లలే గ్రుడ్లను మ్రింగివేయును. జెమీమా యేడ్చుచు నిల్లు సేరును. తీపిమాటల పెద్దమనుషు లుందురనియు, రక్షించువారును నష్టము చేయుదురనియు నాడుపిల్ల యెఱుగవలదా? చదువు చెప్పింపవలెనని పోరాడి, చదువదగిన పుటపై కాగిత మంటించుట యెక్కడి సంస్కారము?

ఇది విదేశాచారమనువారికి చిన్నయసూరి నీతిచంద్రిక చాలును. 1853 నాటి యా గ్రంథము మన బడులలో తరములు చదివింపబడెను. అందు కొంగ చేపలను నమ్మించి యొక్కొక్కదానినే తినును. ఎండ్రకాయ కొంగ మెడ నొక్కును. అది విని యే బిడ్డయు జెడలేదు. భేద మొక్కటి: మన కథకుడు నీతిని విప్పి చెప్పును, పాటర్ చెప్పదు. అవిధేయుడైన పీటరునకు చేదుకషాయము, బుద్ధిమంతులైన తోబుట్టువులకు పాలు, రొట్టె, పండ్లు. అయినను ఏ బిడ్డయైన పీటరు గావలెననునే గాని బుద్ధిమంతుడు గావలెనని కోరునా? నీతిపద్యము వల్లించుటయే బాలవాఙ్మయమనుకొను మన పాఠ్యపుస్తక సంఘములవారు దీని నాలోచింపరు.

కష్టమైన మాటలకు జడియువారును గలరు. 1909 నాటి ఫ్లాప్సీ బన్నీల కథలో మొదటి వాక్యముననే ‘సోపోరిఫిక్’ అను లాటిను పుట్టుకగల పదమున్నది, నిద్రాకరమని యర్థము. పాలకూర వంటి లెట్యూస్ ఆకులు మితిమీఱి తిని కుందేటిపిల్లలు నిద్రపోవుట బొమ్మలో గనబడుచుండగా నిఘంటువుతో బనియేమి? మనమో, అర్థము చెప్పక అమరము వల్లె వేయించితిమి. నేడు దానికి బ్రాయశ్చిత్తముగా పిల్లలకు మూడక్షరములు మించిన మాట పెట్టమనుచున్నాము.

పాటర్ వ్రాసినదంతయు సమానము కాదు. 1930 నాటి చిన్నపంది రాబిన్‌సన్ కథ సాగదీసినట్లుండును. నే నెవరికిని చదువుమనను. కాని చెడ్డకథను విడిచిపెట్టుట వేఱు, మంచికథకు గంత గట్టుట వేఱు.

ఇంటిలో తాతగారు పోయిన దినమున బిడ్డను పొరుగింటికి బంపి, ఊరికి బోయినాడని చెప్పుదుము. ఆ బిడ్డ ఎన్నాళ్లు వీథితలుపు జూచునో మన మెఱుగము. నా మిత్రున కిదియే చెప్పితిని. ఒప్పుకొనలేదు, పాపకు ఏడవయేడు రానిమ్మనెను. జెమీమా పుస్తకమును మాత్ర మెరువడిగెను. గ్రుడ్ల పుటపై నేమియు నంటింపనని మాట తీసికొని యిచ్చితిని. అది యింకను నాకు దిరిగి రాలేదు.