ముంగిసకి విషం కాదు, గూటికి తలుపు పెట్టండి

పండక్కి మనవాళ్ళు నలుగురు కలిస్తే కోళ్ళ మాట రాక మానదు. కోళ్ళ మాట వస్తే ఎవరో ఒకరు ఆ సలహా ఇవ్వకా మానరు: "చచ్చిన పిల్లలో కాసిని గుళికలు కూరి గట్టుమీద పడెయ్యండి, పీడ వదులుతుంది." గుళికలంటే వరికి చల్లే విషమే. కెంచనగుడ్డలో పెరట్లో కోళ్ళు పెంచుకుంటున్నవాళ్ళం కాబట్టి గట్టిగానే చెప్తున్నాం. ఇది తెలివి కాదు, బద్ధకం. గూటికి ఒక తలుపు బిగించలేక ఊళ్ళో జీవాలన్నిటి ప్రాణం మీదికి తేవడం.

ముందు దొంగ ఎవరో చూశారా? పట్టపగలు ఒక్క పిల్ల మాయమై తల్లికోడి ఆకాశంకేసి చూసి అరుస్తుంటే గద్ద. గుడ్లు పెంకు కూడా మిగలకుండా పోతే పాము అయ్యుండొచ్చు. గూటి మూల కొత్త బొరియ కనిపిస్తే పందికొక్కు. జంగపిల్లయితే ఒకదాన్ని నోట కరుచుకుని చప్పుడు లేకుండా పోతుంది, నాలుగు ఈకలు మిగుల్తాయి. ఒకే రాత్రి ఏడెనిమిది చచ్చి, తినకుండా వాకిలంతా పడుంటే నూటికి తొంభైసార్లు ఊరకుక్కలు. ఆ కుక్కల్ని మరిగించింది ఎవరు? ఆదివారం కోడిని కోసి పేగులూ తలా కాలవగట్టున పారేసే మనమే. పద్దు మాత్రం ముంగిస పేరున రాస్తాం, పగలు కంటపడేది అదొక్కటే కాబట్టి. పుంజుల రంగులకి డేగ, కాకి అని ముచ్చటగా పేర్లు పెట్టుకుంటాం, నిజం డేగ కనిపిస్తే మాత్రం రాయి తీస్తాం!

విషం పేరు అడిగి చంపదు. కోతలయ్యాక కురుబల గొర్రెల మందలు మన మళ్ళలో దిగుతాయి. వాళ్ళకి మేత, మనకి ఎరువు. రాత్రంతా మందని కాచేది వాళ్ళ కుక్కే. మొన్న వేసవిలో ఒక క్యాంపు దగ్గర అలాంటి కుక్కే గట్టుమీది ఎర తిని తన్నుకుని చచ్చింది. గొర్రెలాయన గొడవ పడలేదు. మర్నాడు మందని ఇంకొకరి పొలానికి తోలుకుపోయాడు. తుంగభద్ర డ్యాము వచ్చాక వలస వచ్చిన కుటుంబాలం మనం. కెంచనగుడ్డ ఆనకట్ట విజయనగర కాలంది, మనకన్నా ఎన్నో తరాల ముందునుంచీ ఇక్కడివాళ్ళు ఆ నీళ్ళతో పంట పండిస్తున్నారు. మన పిల్లలు కన్నడ బడిలో చదివి, కన్నడంలోనే దెబ్బలాడుకుంటున్నా మనం ఇంకా "ఆంధ్రోళ్ళమే". ఇరవై ఏళ్ళు సాయంగా ఉన్నది ఎవరికీ గుర్తుండదు, ఆ చచ్చిన కుక్క గుర్తుంటుంది.

ముంగిస, జంగపిల్లి రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువులు. చంపితే కేసే. ఇంకా కొందరి అటకల మీద దాచుకున్న ఫోరేట్ గుళికల్ని 2020 డిసెంబరు 31 నుంచి అమ్మడమూ వాడడమూ నిషేధించారు. చట్టం సంగతి అటుంచినా, వరిగట్లలో ఎలకల్నీ పందికొక్కుల్నీ తినేది ఆ పిల్లీ ఆ ముంగిసే. వాటిని చంపి, మళ్ళీ ఎలకలమందుకి డబ్బులు పెట్టేవాళ్ళకి ఏం చెప్పాలి?

ఇంకొకటి. నాటుకోడి తేలిగ్గా ఎగిరి చెట్టెక్కుతుంది, గద్ద నీడ పడితే పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటుంది. బెంగళూరులో అభివృద్ధి చేసిన గిరిరాజ, హైదరాబాదులో తీసిన వనరాజ బరువైన కోళ్ళు. అవి పొదగడం కూడా తక్కువ. ఆ పిల్లల్ని తెచ్చి, తల్లి లేకుండా, నాటుకోళ్ళలాగే పెరట్లో వదిలేసి ముంగిసని తిట్టడం ఏం న్యాయం?

ఇంటికి గ్రానైటు పరిపిస్తారు, కోళ్ళకి మాత్రం విరిగిన టమాటా ట్రే బోర్లిస్తారు. షాపులో కోళ్ళ మెష్ అని ఇచ్చే ఆరుపలకల పల్చటి వల కోడిని లోపల ఆపుతుంది గానీ కుక్కని బయట ఆపదు. అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ తీసుకోండి. దాన్ని నేలదాకా ఆపకుండా, గూటి చుట్టూ బయటికి ఒక అడుగు వెడల్పున మట్టి కింద పరవండి. తవ్వేది గోడ మొదట్లోనే తవ్వుతుంది, వల తగిలి వదిలేస్తుంది. తలుపుకి తాడు కాదు, గడియ. పిల్లలకోడిని మన నాయనమ్మలు గంప కింద కమ్మి పైన రాయి పెట్టేవాళ్ళు, ఇప్పటికీ పగటిపూట అదే మేలు. పెరట్లో ఒక చిక్కుడు పందిరి ఉంటే గద్దకి దిగే దారి తగ్గుతుంది. పొద్దుగూకేముందు లెక్కపెట్టి మూసెయ్యడం మాత్రం రోజూ చెయ్యాలి, పెళ్ళిళ్ళకి వెళ్ళిన రోజు కూడా. పక్కింటివాళ్ళకి చెప్పి వెళ్ళండి.

ఈ సంక్రాంతికి వచ్చే బావగార్లకి, అన్నయ్యలకి ముందే చెప్తున్నాం. కోళ్ళకి గూడు కట్టడానికి మేకులు, సుత్తి తెచ్చుకోండి, అన్నం మేం పెడతాం. ఆ గుళికల డబ్బా మాత్రం మా గేటు దాటకూడదు.