పాట దక్కింది, కోపు దక్కలేదు: కోలాట పరిశోధనపై ఒక ఆక్షేపణ

జానపద గేయసంకలనాల్లో కోలాటపాటలకు కొదువ లేదు. పల్లవి, చరణాలు, పాఠాంతరాలు, ఛందోవిచారణ అన్నీ కనిపిస్తాయి. ఆ పాటకు ఎవరు ఎటు కదలాలో మాత్రం కనిపించదు. వలయంగా నిలిచి కోలలు తాటిస్తారన్న ఒక్క వాక్యంతో ఆట ముగిసిపోతుంది. ఇది స్థలాభావం కాదు, దృష్టిలోపం.

బందరు, గుడివాడ ప్రాంతాల్లోనైనా దివిసీమలోనైనా కోలాటానికి ప్రాణం కోపు. అడుగు, కోల తాటింపు, స్థానం మార్పు కలిస్తే ఒక కోపు. ఒకే కోపులో వేర్వేరు పాటలు ఇముడుతాయి. అటువంటప్పుడు పాటను మూలంగా, కోపును అనుబంధంగా లెక్కించడం ఏ పద్ధతి?

జడకోపునే పరిశీలిద్దాం. పైనుంచి వేలాడే తాళ్ల కొసలను ఆటగాళ్లు తలా ఒకటి పట్టుకుంటారు. సగం మంది కుడికి, సగం మంది ఎడమకు తిరుగుతారు. ఎదురైన వారిని ఒకసారి లోపలినుంచి, మరుసారి వెలుపలినుంచి దాటుతూ పోతే జడ అల్లుకుంటుంది. చిక్కంతా విప్పడంలోనే ఉంది. చివర దాటిన వారినే వెనుదిరిగి మొదట దాటాలి. వెలుపలినుంచి దాటినవారు మళ్లీ వెలుపలినుంచే దాటాలి. అలవాటుకొద్దీ వరుస మార్చి లోపలికి వెళ్తే జడ విడదు, ముడిపడుతుంది. పాటలో ఈ సూత్రం లేదు. పంతులు జ్ఞాపకంలో ఉంది.

దృశ్యముద్రణ ఉండగా రాతపని ఎందుకన్న వాదం వినవస్తోంది. ముద్రణ ఒక ప్రదర్శనను చూపుతుంది. అందులో ఏది నియమమో, ఏది ఆ పూట జరిగిన తడబాటో చెప్పదు.

జానపదాన్ని శాస్త్రంలో బంధించరాదన్న వాదం ఇంకా బలహీనం. దివిసీమకు చెందిన అయ్యవంశీకుడు, కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయప, 1253-54 నాటి నృత్తరత్నావళిలో దేశీ నృత్తాల సరసన దండరాసకానికి చోటిచ్చాడు. గజసాహిణికి లేని చిన్నతనం మనకెందుకు? ఆ సీమ పక్కనే ఉన్న కూచిపూడి అడుగులకు నేడు పాఠ్యప్రణాళికలు, పరీక్షలు, పట్టాలు ఉన్నాయి. 1651లో లండన్‌లో జాన్ ప్లేఫోర్డ్ పల్లె నృత్యాల వరుసలకు తోడు నడకలనూ అచ్చువేశాడు. మరుగునపడిన ఆ నృత్యాలను ఇరవయ్యో శతాబ్దంలో సిసిల్ షార్ప్ తిరిగి ఆడించగలిగింది ఆ రాత ఆధారంగానే.

ఊరూరికీ కోపు మారుతుంది, నిజమే. ఏ ఒక్కదాన్నో శుద్ధరూపమని నిర్ణయించమని నేను కోరడం లేదు. నిలుచున్న స్థానం, కదిలే దిక్కు, అడుగు, కోల, ఈ నాలుగూ ప్రతి పాట కింద ఊరిపేరుతో సహా నమోదు కావాలి. ఒక్క అక్షరభేదాన్ని సైతం పాఠాంతరంగా అధోజ్ఞాపికకు ఎక్కించే మన పరిశోధన, కుడికి తిరిగే ఊరికీ ఎడమకు తిరిగే ఊరికీ ఉన్న భేదాన్ని వదిలివేయడానికి ఇంతవరకు ఏ హేతువూ చూపలేదు.