షాప్ ఫ్లోర్ దానంతటదే బడి కాదు

పని పనిలోనే వస్తుందనీ, ఐటీఐ తరగతి గదిలో గడిపే కాలం దండగనీ, విద్యార్థులను నేరుగా కర్మాగారానికి పంపితే చాలుననీ వాదించేవారు జర్మనీ ద్వంద్వ శిక్షణా విధానాన్ని, అంటే శిక్షణార్థి వారంలో ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలోనూ మిగిలిన రోజులు సంస్థలోనూ నేర్చుకునే ఏర్పాటును, సాక్ష్యంగా చూపడం పరిపాటి అయింది. నిజానికి ఆ సాక్ష్యం ఎదుటి పక్షానిది.

లేత్ యంత్రం దగ్గరే ఈ వాదం తేలిపోతుంది. 20 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ కడ్డీని హైస్పీడ్ స్టీల్ టూలుతో కోయడానికి నిమిషానికి 480 చుట్లు సరిపోతాయని మేస్త్రీని చూసి నేర్చుకున్నవాడు, మర్నాడు 60 మిల్లీమీటర్ల కడ్డీకీ అదే గేరు వేస్తే, కోత వేగం, అంటే లోహపు ఉపరితలం టూలును ఒరుసుకుపోయే వేగం, నిమిషానికి 30 మీటర్ల నుంచి 90 మీటర్లకు చేరి టూలు మొన కాలి మొద్దుబారుతుంది. వ్యాసం పెరిగినకొద్దీ చుట్లు తగ్గించాలన్నది మేస్త్రీకి అలవాటుగా తెలుసు. ఉత్పత్తి లక్ష్యం తరుముతుండగా ఆ లెక్కను విడమరిచి చెప్పే తీరిక ఆయనకు ఉండదు, ఆయన జీతం అందుకు కాదు కూడా.

జర్మనీలో 1968లో హాంబర్గ్ వంటి నగరాల్లో అప్రెంటిస్‌లు వీధికెక్కింది ఇందుకే: ఊడ్వడం, సీనియర్లకు బీరు తెచ్చిపెట్టడం శిక్షణ ఎలా అవుతుందని వారు నిలదీశారు. మరుసటి ఏడాది వచ్చిన వృత్తి శిక్షణ చట్టం శిక్షణకు ఉపకరించే పనులే అప్పగించాలనీ, పాఠశాల వేళల్లో పని నుంచి విడిచిపెట్టాలనీ, నేర్పేవాడికి వృత్తిలోనే గాక బోధనలోనూ అర్హత ఉండాలనీ విధించింది. పరీక్షా సంఘంలో యజమానుల ప్రతినిధులతో సమానంగా కార్మిక ప్రతినిధులు, వారితోపాటు వృత్తి పాఠశాల ఉపాధ్యాయుడు కూర్చుంటారు. అక్కడ తరగతి గదిని తగ్గించలేదు సరికదా, కర్మాగారం మీదనే బడి నియమాలు పెట్టారు.

భారతదేశపు 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కూడా అర్హుడైన వ్యక్తి పర్యవేక్షణలోనే శిక్షణ జరగాలంటుంది. అదే చట్టం అప్రెంటిస్ కార్మికుడు కాడనీ అంటుంది. మొదటి మాటను పక్కకు నెట్టి రెండోదాన్నే పట్టుకుంటే మిగిలేది చవక కూలీ. జర్మనీ పేరు చెప్పేవారు మాత్రం, 30 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం అప్రెంటిస్‌లను తీసుకోవాలన్న 2019 నిబంధన నెరవేరిందా లేదా అనే అడుగుతారు గాని, ఆ అప్రెంటిస్‌కు నేర్పుతున్నది ఎవరని అడగరు.