‘నిజమేనా?’ అని మాత్రం అడగలేదు!

1984లో అమెరికా పుస్తకాల షాపుల్లోకి ఒక ఆత్మకథ వచ్చింది. రాసింది చక్ బారిస్. టీవీలో తిక్కతిక్క పోటీలు పెట్టి కోట్లు గడించినవాడు. టోపీ కళ్లమీదకి లాక్కుని, చప్పట్లు చరుస్తూ, తడబడుతూ మాట్లాడే అతన్ని గుర్తుపట్టని టీవీ ప్రేక్షకుడు ఆ రోజుల్లో అమెరికాలో అరుదు. అలాంటివాడు తన కథలో ఏం రాశాడయ్యా అంటే... పగలు టీవీ షోలు తీస్తూనే చాటుగా సీఐఏ కోసం మనుషుల్ని చంపానన్నాడు. ఒకరినీ ఇద్దరినీ కాదు, ముప్ఫై ముగ్గురిని!

అదంతా ఒట్టిమాట అని సీఐఏ కొట్టిపారేసింది. చదివినవాళ్లలో చాలామంది నవ్వుకున్నారు. ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ డేంజరస్ మైండ్’ అన్న పుస్తకం పేరు వెనక బారిస్ ఒక తోక కూడా తగిలించాడు, ‘అనధికార ఆత్మకథ’ అని. ఎవరి కథ వాళ్లే రాసుకుంటూ అనధికారం ఏమిటి? తిరకాసంతా ఆ తోకలోనే ఉంది.

పద్దెనిమిదేళ్ల తర్వాత, 2002లో ఆ పుస్తకం అదే పేరుతో సినిమాగా వచ్చింది. దర్శకుడు జార్జ్ క్లూనీ. అప్పటికి ఏడాది ముందే ‘ఓషన్స్ లెవెన్’ బాక్సాఫీసును ఊపేసింది. అలాంటి సమయంలో మొదటిసారి మెగాఫోన్ పట్టుకున్న హీరో తనకు సరిపడే కథ చూసుకుంటాడు. మంచి ప్రేమకథో, కొట్లాట సినిమానో ఎంచుకుని తనే హీరోగా వేస్తాడు. క్లూనీ ఎంచుకున్నదేమో ఎవరూ నమ్మని మనిషి జీవితకథ. అందులో తను వేసింది మీసాలు పెట్టుకుని అప్పుడప్పుడూ కనిపించే సీఐఏ ఏజెంటు పాత్ర.

ఇంతకీ ఈ బారిస్ కథేమిటి? 1929లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. ఏబీసీ చానల్లో చిన్న ఉద్యోగంలో చేరాడు. డిక్ క్లార్క్ నడిపే పాటల కార్యక్రమంలో ఎవరైనా లంచాలు తీసుకుని పాటలు వేస్తున్నారేమో కనిపెట్టి ఉండటం అతని పని. కాపలాకి వెళ్లినవాడు ఊరుకోక తనూ ఒక పాట కట్టాడు. 1962లో ఫ్రెడ్డీ కానన్ పాడిన ఆ పాట, ‘పాలిసేడ్స్ పార్క్’, అమెరికా అంతా మోగిపోయింది. మూడేళ్లకు ‘డేటింగ్ గేమ్’ మొదలైంది. అడ్డుగోడకు ఒకవైపు ఒక అమ్మాయి, రెండోవైపు ముగ్గురు అబ్బాయిలు. మొహాలు కనపడవు. జవాబులు విని ఒకరిని ఎంచుకోవాలి. ఎంచుకున్నాక ఇద్దర్నీ టీవీవాళ్ల ఖర్చుతో షికారు పంపుతారు. 1966లో ‘న్యూలీవెడ్ గేమ్’ వచ్చింది. కొత్తగా పెళ్లయిన జంటల్ని విడదీసి ఒకరి గురించి ఒకర్ని అడగడం, జవాబులు కలవక వాళ్లు అక్కడే తగువు పెట్టుకుంటే జనం పడీపడీ నవ్వడం! (ఇలాంటి ఆటలు తర్వాత్తర్వాత రకరకాల పేర్లతో మన తెలుగు చానళ్ల దాకా వచ్చాయి.)

ఇక 1976లో ఎన్‌బీసీలో వచ్చిన ‘గాంగ్ షో’ వీటన్నిటికీ తాత. పాటలు, ఆటలు, మిమిక్రీలు... వచ్చీరానివాళ్లంతా స్టేజీ ఎక్కేయొచ్చు. నచ్చకపోతే జడ్జీలు లేచివెళ్లి మన గుళ్లలోని జేగంటలాంటి పెద్ద కంచు పళ్లాన్ని మోగిస్తారు. అంతే, దిగిపోవాలి. నెగ్గినవాళ్లకి ఇచ్చే బహుమతి కూడా వేళాకోళమే. సరిగ్గా 516 డాలర్ల 32 సెంట్లు!

జనం విరగబడి చూశారు. విమర్శకులు మాత్రం బారిస్‌ని ఉతికి ఆరేశారు. చెత్త టీవీకి చక్రవర్తి అన్నారు, మనుషుల్ని నవ్వులపాలు చేసి డబ్బు చేసుకుంటున్నాడన్నారు. ఆ తిట్లు అతనికి బాగా లోతుగానే తగిలినట్టున్నాయి. 1980లో తన కథనే ‘ద గాంగ్ షో మూవీ’ పేరుతో తనే తీసి, తనే నటించాడు. అది చతికిలబడింది. తర్వాత న్యూయార్క్‌లో ఒక హోటల్ గదిలో చేరి రాసుకున్నదే ఈ ముప్ఫై ముగ్గురు హతుల ఆత్మకథ. నవ్వించినందుకేమో లోకం దుమ్మెత్తిపోసింది, చంపినందుకేమో పతకాలిచ్చింది అన్న ఉడుకుమోత్తనం పుస్తకమంతా కనిపిస్తుంది. చంపాడో లేదో దేవుడికెరుక. కానీ ఆ ఉడుకుమోత్తనం మాత్రం అబద్ధం కాదు.

ఈ పుస్తకాన్ని చార్లీ కాఫ్‌మన్ స్క్రీన్‌ప్లేగా రాశాడు. ‘బీయింగ్ జాన్ మాల్కోవిచ్’ రాసిన బుర్ర అది. స్క్రిప్టు అదిరిందని హాలీవుడ్ అంతా చెప్పుకుంది గానీ, సినిమా మాత్రం ఎన్నేళ్లయినా మొదలవ్వలేదు. దర్శకులు మారారు, హీరోలు మారారు. ఒక దశలో బ్రయాన్ సింగర్ దర్శకత్వంలో జానీ డెప్ హీరోగా ఖాయమన్నారు, అదీ ఆగిపోయింది. సీఐఏ ఏజెంటు పాత్రకు ఒప్పుకుని కూర్చున్న క్లూనీకి విసుగు పుట్టింది. ఎవరూ తీయకపోతే నేనే తీస్తానన్నాడు. దర్శకుడిగా తనకు కనీస పారితోషికం చాలన్నాడు. స్నేహం కొద్దీ జూలియా రాబర్ట్స్, డ్రూ బ్యారీమోర్ కూడా తమ రేట్లు బాగా తగ్గించుకున్నారు. మొత్తం బడ్జెట్ సుమారు మూడు కోట్ల డాలర్లలో సరిపెట్టారు.

ఇక్కడిదాకా వింటే ఇదొక స్టార్ సరదా అనిపిస్తుంది. కానీ టీవీ స్టూడియో అంటే క్లూనీకి పుట్టిల్లు లాంటిది. తండ్రి నిక్ క్లూనీ టీవీ మనిషి. సిన్సినాటిలో వార్తలు చదివాడు. 1974లో ఏబీసీలో ‘మనీ మేజ్’ అనే గేమ్ షో కూడా నడిపాడు. కెమెరాలు, కేబుళ్లు, ‘చప్పట్లు కొట్టండి’ అని వెలిగే బోర్డులు, లైటు ఆరగానే యాంకర్ మొహంలోంచి జారిపోయే నవ్వు... ఇవన్నీ జార్జ్ చిన్నప్పుడే దగ్గర్నుంచి చూసినవి. బారిస్ కథ తీయడానికి హాలీవుడ్‌లో తనకంటే పెద్ద దర్శకులు ఉండొచ్చు. గేమ్ షో తెర వెనక పెరిగినవాళ్లు మాత్రం అంతమంది ఉండరు.

సినిమా చూస్తే ఆ తేడా తెలుస్తుంది. పాతకాలపు లైవ్ టీవీలో ఎడిటింగ్ ఉండేది కాదు కదా! ఒక సెట్టులో సీను నడుస్తుంటే పక్క సెట్టు సిద్ధం చేసేవాళ్లు, నటులు చీకట్లో పరుగెత్తి బట్టలు మార్చుకుని వచ్చేవాళ్లు. క్లూనీ ఆ విద్యనే సినిమాలోకి తెచ్చాడు. కుర్ర బారిస్ ఎన్‌బీసీ స్టూడియో చూడ్డానికి వచ్చిన సందర్శకుల గుంపులో ఉంటాడు. కెమెరా అలా పక్కకి తిరిగి వచ్చేసరికి అతనే యూనిఫాం వేసుకుని గుంపుకి దారి చూపించే గైడ్! మధ్యలో కట్ లేదు, కంప్యూటర్ మాయ లేదు. కెమెరా వెనక నటుడు పరుగెత్తాడంతే. ఫోన్లో మాట్లాడుకునే ఇద్దరి గదులూ ఒకే స్టేజీ మీద కట్టి, లైటు వెలిగించి రెండోవాడిని చూపించే సీను కూడా అలాంటిదే. ఛాయాగ్రాహకుడు న్యూటన్ థామస్ సీగెల్ చోటు మారినప్పుడల్లా రంగులు మార్చేశాడు. మెక్సికో అయితే ఎండకు మాడిన పసుపు, బెర్లిన్ అయితే గడ్డకట్టిన నీలం.

ఈ హంగులన్నీ మొదటిసారి దర్శకుడయ్యాననే ఉబలాటమేనా అంటే... కొంత ఔను. కానీ కొంతే. కథ చెబుతున్నది బారిస్. అతనిది టీవీ బుర్ర. జ్ఞాపకాలైనా, కల్పనలైనా అతనికి సెట్టు వేసినట్టే తోస్తాయి. గోడలు జరిగిపోతుంటే, గది గదిలోకి కలిసిపోతుంటే, చూసేవాడికి ఒక అనుమానం మొదలవుతుంది. ఇది జరిగిందా, లేక ఇతగాడు స్టేజీ కట్టి చూపిస్తున్నాడా? ఆ అనుమానాన్ని క్లూనీ ఎక్కడా తీర్చడు. బారిస్‌తో పరిచయం ఉండి కూడా ‘నువ్వు చెప్పింది నిజమేనా?’ అని ఒక్కసారైనా అడగలేదట. కాదంటాడేమో, ఆ మాట వింటే సినిమా తీయలేనేమో అని! పైపెచ్చు డిక్ క్లార్క్‌లాంటి అసలు మనుషుల్ని కెమెరా ముందు కూర్చోబెట్టి, బారిస్ గురించి మాట్లాడించి సినిమాలో కలిపాడు. అసలు సాక్షులు, అనుమానపు కథ. బారిస్ ఆత్మకథ చేసిన పనే అది.

హత్యల సంగతిని షోలతో ముడిపెట్టిన తీరు భలే ఉంటుంది. ‘డేటింగ్ గేమ్’ విజేతలకు ఏ సముద్ర తీరమో చూపించాలి కదా, పాపం గడ్డకట్టే చలిలో హెల్సింకీకీ, పశ్చిమ బెర్లిన్‌కీ పంపుతారు. ఎందుకంటే జంటకు తోడుగా వెళ్లే బారిస్‌కి అక్కడ వేరే పని ఉంటుంది మరి. ఇంకో సీన్లో అడ్డుగోడ వెనక ముగ్గురు కుర్రాళ్లలో ఇద్దరు బ్రాడ్ పిట్, మాట్ డామన్. ఒక్క డైలాగూ లేదు. అమ్మాయి వాళ్లిద్దర్నీ కాదని మూడో బొద్దబ్బాయిని ఎంచుకుంటుంది. స్నేహితుల్ని ఉచితంగా పిలిచి ఓడించి పంపిన దర్శకుడు క్లూనీ ఒక్కడేనేమో!

క్లూనీ చేసిన అసలు సాహసం మాత్రం హీరో ఎంపిక. స్టూడియో పేరున్న స్టార్ కావాలంది. అతను శామ్ రాక్‌వెల్ అని పట్టుపట్టాడు. అప్పటికి ఆ పేరు పోస్టరు మీద టికెట్లు తెంపేది కాదు. కానీ రాక్‌వెల్‌లో ఒక గుణం ఉంది. అతన్ని చూస్తే నవ్వొస్తుంది, కాసేపటికి జాలేస్తుంది, మరి కాసేపటికి భయమేస్తుంది. మూడూ ఒకే మొహంలో. స్టేజీ మీద టోపీ లాక్కుంటూ గెంతే బారిస్ ఒక్కసారిగా ప్రేక్షకుల్లో ఎవరో తనను చంపడానికి వచ్చారని బిగుసుకుపోయే సీను చూడాలి. 2003 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి వెండి ఎలుగుబంటి అతనికే దక్కింది. ‘త్రీ బిల్‌బోర్డ్స్’కి 2018లో ఆస్కార్ కూడా వచ్చింది. ఒక కొత్త దర్శకుడు మొండిపట్టు పట్టకపోతే, ఆ దారి ఇంకెంత దూరమయ్యేదో.

సినిమాలో లోపాల్లేవా? ఉన్నాయి. రెండో సగంలో గూఢచారి గొడవ ఎక్కువై, బారిస్‌ని నిజంగా ప్రేమించే పెన్నీ, అంటే డ్రూ బ్యారీమోర్, వెనక్కిపోతుంది. కొన్నిచోట్ల షాటు బాగుందే అనుకుంటూ మనిషిని మర్చిపోతాం. పైగా స్క్రిప్టు మార్పుల్లో తనను సంప్రదించలేదని కాఫ్‌మన్ బాహాటంగానే నొచ్చుకున్నాడు. అతని బాధలో న్యాయం ఉంది. ఏళ్ల తరబడి ఎవరూ తీయని కథను మోసింది అతనే. తీరా తీసేటప్పుడు పిలుపే లేకపోతే ఎవరికైనా మనసు కష్టపడదా? వసూళ్లు కూడా పెట్టుబడికి కాస్త అటూ ఇటూగా ఆగిపోయాయి.

అయినా క్లూనీ మెగాఫోన్ వదల్లేదు. మూడేళ్లకు, 2005లో ‘గుడ్ నైట్ అండ్ గుడ్ లక్’ తీశాడు. అదీ ఒక టీవీ మనిషి కథే. 1950ల్లో సెనేటర్ మెకార్తీని వార్తల బల్ల దగ్గర్నుంచే ఎదిరించిన ఎడ్వర్డ్ మరో కథ. ఈసారి అంతా నలుపు తెలుపు, గోడలు జరగవు, కెమెరా గెంతులు వేయదు. రాసినందుకు, తీసినందుకు, నటించినందుకు ఒక్కో డాలర్ చొప్పున తీసుకున్నాడు. సినిమాకి ఆరు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తమాషాగా ఉంటుంది. గేమ్ షో నడిపిన నిక్ క్లూనీ ఒకదానిలో, వార్తలు చదివిన నిక్ క్లూనీ ఇంకోదానిలో! కొడుకు తండ్రి పేరెత్తకుండా రెండుసార్లు ఆయన స్టూడియోకి వెళ్లొచ్చాడు.

ఎక్కువమంది మెచ్చుకున్నది రెండో సినిమానే. అది న్యాయమే కూడా. కానీ గుర్తుండిపోయే ఆఖరి షాటు మాత్రం మొదటిదానిలోనే ఉంది. ముప్ఫై ముగ్గురి సంగతి నిజమా అని ఆ సినిమా వచ్చిన రోజుల్లో విలేకరులు ఎంత అడిగినా బారిస్ ఔననలేదు, కాదనలేదు. 2017 మార్చిలో ఎనభై ఏడేళ్ల వయసులో పోయాడు. సినిమా చివర తెరమీదకు వచ్చే ముడతల మొహం రాక్‌వెల్‌ది కాదు, ఆ అసలు బారిస్‌దే. పెదవి విప్పడు. ఊరికే మనవైపు చూస్తుంటాడు. వెనకనుంచి ఒక గొంతు అతని కొత్త గేమ్ షో ఆలోచన చెబుతుంటుంది. ముగ్గురు ముసలాళ్లు, చేతుల్లో గుండ్లు నింపిన తుపాకులు. ఒకప్పుడు ఏం కావాలనుకున్నాం, చివరికి ఏమయ్యాం అని ముగ్గురూ వెనక్కి తిరిగి చూసుకోవాలి. తనను తాను కాల్చుకోకుండా మిగిలినవాడే విజేత. అతనికి బహుమతి, ఒక ఫ్రిజ్.