మెట్లదారి పాతగానే ఉండనివ్వండి

శ్రీశైల దేవస్థానం కార్యనిర్వహణాధికారి గారికి,

ఉగాదికి ముందు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమల అడవిలో శ్రీశైలానికి నడిచే భక్తుల్లో నేనూ ఒకణ్ణి. ఆ దారిలో నా చుట్టూ ఎక్కువగా వినిపించేది కన్నడం. ఆ కన్నడ భక్తులకు భ్రమరాంబ అమ్మవారు తమ ఇంటి ఆడపడుచు. ఈ అడవిలో ఉండే చెంచులకేమో మల్లన్న స్వామి అల్లుడు. అంటే ఒకే దేవుడి ఇంటికి ఇటు పుట్టింటివాళ్లూ, అటు అత్తింటివాళ్లూ! తెలుగువాణ్ణని చెప్పుకునే నాకు, నా తెలుగుతనంలో వీళ్లందరి వాటా ఎంతుందో ఆ నడకలోనే తెలిసింది.

14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. భీముని కొలను దగ్గర రాతిమెట్లు ఎక్కుతూ ఆయన పేరు తలచుకునేవాళ్లు తక్కువ. చెప్పేవాళ్లుంటే కదా! 12వ శతాబ్దపు కన్నడ శివభక్తురాలు అక్కమహాదేవి కూడా ఈ కొండకే నడిచి వచ్చిందని పక్కవాళ్లు చెబితే విన్నాను.

అయ్యా, నా విన్నపం ఇది. మరమ్మతు పేరుతో పాత రాళ్లమీద సిమెంటు పొయ్యనివ్వకండి. కైలాసద్వారం వరకూ దారి కథను తెలుగు, కన్నడాల్లో చిన్న పలకలమీద రాయించండి. అటవీశాఖతో మాట్లాడి, యాత్ర రోజుల్లో చెంచు యువకులకు దారి చూపే పని జీతమిచ్చి అప్పగించండి. వచ్చే ఉగాదికి ముందే మొదలుపెట్టమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాదయాత్రికుడు