ఆరోగ్య వేదిక: మతిమరుపు మందు వలన వచ్చినదేనా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో అధిక భాగం మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పులకు సంబంధించినవే. మానసిక వ్యాధులను గురించి రాసేవారు అరుదు. రాసినా అడుగున సంతకం ఉండదు. కొంతకాలం క్రిందట ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల నుంచి ఒక సోదరి తన పేరు, చిరునామా సహితంగా మాకు నాలుగు పుటల ఉత్తరం రాసినారు. పేరు ప్రచురించవద్దని కోరినారు. ఆ కోరికను మన్నిస్తూ, కుటుంబాన్ని గుర్తుపట్టగల వివరాలు కొన్ని విడిచిపెట్టి, ఉత్తరంలోని సారాంశాన్ని మాత్రమే ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాము.

ఆమె భర్త వర్క్‌షాపులో ఫిట్టరు. యాభై దాటిన మనిషి. శ్రీకాకుళం జిల్లాలోని స్వగ్రామంలో తల్లి మరణించిన తరువాత ఆయన తిండి, నిద్ర మాని, గోడ వైపు తిరిగి కూర్చునే స్థితికి వచ్చినారు. వైద్యుడు మానసిక కుంగుబాటు అని నిర్ణయించి మాత్రలు ఇచ్చినారు. ఎనిమిది నెలలుగా వాడుతున్నారు. ఇప్పుడు వేళకు భోజనం చేస్తున్నారు, డ్యూటీకి వెళ్తున్నారు, పిల్లలతో మాట్లాడుతున్నారు. అయితే మతిమరుపు పట్టుకున్నది. సైకిలు మీద గోల్‌బజారు వెళ్లి నడిచి ఇంటికి వచ్చినారు. సైకిలు దొంగలు ఎత్తుకుపోయినారని ఇల్లంతా బాధపడగా, మరునాడు అది కిరాణా దుకాణం ముందే ఉన్నది. షాపులో కొలత తీసుకుని, రాయడానికి తల తిప్పేలోగా అంకె జారిపోతున్నదట. ఈ మాత్రలే తన బుర్రను తినివేస్తున్నాయని ఆయన వాదన. బంధువులు ఇద్దరు ఔనంటున్నారు. మందు మాన్పిస్తే వెనుకటి రోజులు తిరిగి వస్తాయేమోనని ఆమె భయం.

మానవద్దు అని ఒక్క మాట రాసి ఊరుకోవచ్చును. కాని ఆయన చెబుతున్నది అబద్ధం కాదు. మందు వేసుకునే మనిషి తన మతి తప్పుతున్నదని చెప్పినప్పుడు ఇంటివారు, ఒక్కొక్కసారి వైద్యులు సైతం, అదంతా జబ్బులో భాగమేనని తోసిపుచ్చుతారు. అలా తోసిపుచ్చబడిన రోగే ఎవరికీ చెప్పకుండా మాత్రలను కిటికీలో నుంచి పారవేస్తాడు. కనుక కారణమేమిటో వెదకడమే ముందు చేయవలసిన పని. అనుమానితులు నలుగురైదుగురు ఉన్నారు.

మొదటి అనుమానితుడు జబ్బే. దుఃఖం, నిరాసక్తత వలెనే ఏకాగ్రత లోపించడం కూడా కుంగుబాటు లక్షణాలలో ఒకటి. చాలామందిలో నిద్ర, ఆకలి, మనసులోని బరువు ముందుగా కుదుటపడతాయి. ఏకాగ్రత అన్నిటికంటె ఆలస్యంగా, మెల్లగా తిరిగి వస్తుంది. ఈ మధ్యకాలంలోనే మనిషికి తన మతిమరుపు స్పష్టంగా కనబడుతుంది. అంతకు ముందు దానిని గమనించే ఓపిక కూడా ఉండదు మరి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ఆయన మరచిపోయినారు అనుకుంటున్న వాటిలో అనేకం అసలు మనసులో నమోదు కానివే. పార్సిల్ ఆఫీసులో బుక్ చేయని మూటను చివరి స్టేషనులో ఎంత వెదికినా దొరకదు. సైకిలుకు తాళం వేస్తున్నప్పుడు మనసు మరెక్కడో ఉన్నది, అంతే.

రెండవ అనుమానితుడు కుంగుబాటుకు ఇచ్చిన మాత్ర. ఈ మందుల చరిత్ర దీర్ఘమైనది కాదు. స్విట్జర్లాండు వైద్యుడు రోలండ్ కూన్ 1957లో ఇమిప్రమీన్ కుంగుబాటుకు పనిచేస్తున్నదని ప్రకటించినారు. ఆ కోవకు చెందిన అమిట్రిప్టిలిన్ నేటికీ వాడుకలో ఉన్నది. నరాల నొప్పులకూ, తలనొప్పికీ కూడా ఇస్తారు. ఈ పాత మందులు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం అందువలననే. జ్ఞాపకానికి కూడా అదే రసాయనం అవసరం. కనుక మతిమరుపుతో పాటు నోరు కూడా ఎండుతున్నదంటే మందును శంకించడంలో న్యాయమున్నది. వయసు పైబడినవారిలో ఇది మరింత ఎక్కువ. 1987లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లుయాక్సెటిన్, తరువాత వచ్చిన సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ మొదలైన వాటిలో ఈ దోషం చాలా స్వల్పం. అయినా కొందరికి వాటివలన నిద్ర చెదరడం, పగలు మత్తుగా ఉండడం, సంతోషమూ విచారమూ రెండూ మొద్దుబారినట్లుండడం కలుగుతుంది. మొద్దుబారిన మనసు దేనినీ శ్రద్ధగా పట్టుకోదు.

మూడవ అనుమానితుని మీద పాఠకులు ఎక్కువ దృష్టి పెట్టవలెనని మా అభిప్రాయం. మొదటి వారాలలో నిద్ర కోసం, ఆందోళన తగ్గడం కోసం క్లోనజెపామ్, అల్‌ప్రజోలమ్ వంటి మాత్రను జోడించి ఇవ్వడం కద్దు. కొద్దికాలానికని ఇచ్చినది, పాత చీటీ చూపి మళ్లీ మళ్లీ తెచ్చుకోవడం వలన సంవత్సరాల తరబడి సాగిపోతుంది. కొత్త సంగతులను మనసులో నిలుపుకునే శక్తిని ఈ తరగతి మందులు ప్రత్యక్షంగా తగ్గిస్తాయి. మన దేశంలో రెండు మందులను కలిపి ఒకే మాత్రగా అమ్ముతారు కూడా. తాను ఒక్క మాత్రే వేసుకుంటున్నానని చెప్పే మనిషి రెండు మందులు మింగుతున్నాడన్నమాట. అందుచేత ఆ సోదరికి మేము ముందుగా చెప్పినది ఇది: మాత్రల అట్ట వెనుక పెద్ద అక్షరాలలో ఉన్న కంపెనీ పేరును కాక, చిన్న అక్షరాలలో ఉన్న మందుల పేర్లను, మిల్లీగ్రాములను ఒక కాగితం మీద ఎత్తి రాయండి. జలుబుకు, దురదకు దుకాణంలో అడిగి తెచ్చుకునే క్లోర్‌ఫెనిరమిన్ వంటి మాత్రలను కూడా ఆ కాగితంలో చేర్చండి. అవీ మతిని మందగింపజేస్తాయి. మద్యం అలవాటు ఉంటే సంకోచించక అదీ రాయండి.

మిగిలినవారిని త్వరగా చెప్పుకుందాము. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, రక్తహీనత. చక్కెర జబ్బుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఎక్కువ. గట్టిగా గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడే వారికి పగలు ఏకాగ్రత ఉండదు. వీటిలో మొదటి మూడింటికి రక్తపరీక్షలు చాలును. ఇక వర్క్‌షాపు ఉద్యోగుల విషయంలో చెవిని మరువరాదు. ముప్పయి ఏళ్లు సుత్తుల మోతలో, గ్రైండింగ్ రొదలో పనిచేసినవారి వినికిడి తగ్గి ఉంటుంది. చెప్పిన మాట సగం వినబడక తలూపిన మనిషిని ఇంట్లో అందరూ మతిమరుపువాడంటారు.

వేచి ఉండకూడని సందర్భం ఒకటి ఉన్నది. అరవై దాటినవారిలో, ముఖ్యంగా రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు కూడా వాడేవారిలో, ఈ కొత్త మందుల వలన రక్తంలో సోడియం పడిపోవచ్చును. తలనొప్పి, వాంతి, అయోమయం, తూలడం ఒకటి రెండు రోజులలో కనబడితే అది మతిమరుపు కాదు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లవలెను.

ఇక మందు మానే మాట. కుంగుబాటు మాత్రలను హఠాత్తుగా ఆపితే కొద్ది రోజులలోనే తల తిరగడం, తలలో కరెంటు తగిలినట్లు జిల్లుమనడం, చిరాకు, పీడకలలు రావచ్చును. క్లోనజెపామ్ తరగతిని ఒక్కసారిగా ఆపితే మూర్ఛ వచ్చే ప్రమాదం సైతం ఉన్నది. మొదటిసారి జబ్బుపడినవారు నెమ్మదించిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించడం వైద్యుల సాధారణ పద్ధతి. అయితే కొనసాగించడమంటే అదే మందును, అదే మోతాదును, అదే వేళకు అని అర్థం కాదు. వేళ మార్చవచ్చు, మోతాదు తగ్గించవచ్చు, మందునే మార్చవచ్చు. ఇవన్నీ వైద్యుని చేతిలోనివి. రోగి అడగకపోతే ఆయనకు తెలియవు.

అడగడంలో మనవారికి ఒక చిక్కు కలదు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి ఇక్కడ స్థిరపడిన తెలుగువారు డ్యూటీలో హిందీ, బజారులో బెంగాలీ ధారాళంగా మాట్లాడతారు. కాని లెక్క మాత్రం తెలుగులో పెట్టుకుంటారు. జ్ఞాపకశక్తిని పరీక్షించే వైద్యుడు వంద నుంచి ఏడు చొప్పున తీసివేయమంటారు, మూడు మాటలు చెప్పి కాసేపటికి తిరిగి చెప్పమంటారు. పరాయి భాషలో ఆ పరీక్షకు కూర్చున్నవాడు తన మతికన్న తక్కువ మార్కులు తెచ్చుకుంటాడు. లెక్క తెలుగులో చేసుకుంటానని ముందే చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తిని ఈ రాష్ట్ర మంత్రివర్గమే ఆమోదించినది కదా! తెలుగులో ఎవరితోనైనా మాట్లాడవలెనంటే, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చును.

ఈ లోగా రోజు గడవడమెలా? ఇందుకు రైల్వేవారు బయటికి పోయి నేర్చుకోవలసినది లేదు. రైల్వే ఏనాడూ మనిషి జ్ఞాపకాన్ని నమ్మలేదు. లైనులో బండి నిలిచి ఉన్నదని కేబిన్‌మన్‌కు తెలియదా? తెలుసు. అయినా ఆ లైను సిగ్నల్ లీవరుకు కాలర్ తొడిగితీరవలెను. చేయి లీవరు మీదికి పోయినప్పుడు కాలరు అడ్డుపడి గుర్తు చేస్తుంది. స్టేషన్ మాస్టరు ప్రైవేట్ నంబరు ఇచ్చి పుచ్చుకుంటారు, వెంటనే రాసుకుంటారు. లోకో పైలట్, సహాయకుడు సిగ్నల్‌ను చూసి ఒకరికొకరు పైకి పలుకుతారు. 2017లో ఖరగ్‌పూర్ యార్డు ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌కు మారినా, పలకడమూ రాయడమూ పోలేదు. నిక్షేపంలాంటి మతి ఉన్నవారికే ఇన్ని కట్టుదిట్టాలు ఉన్నప్పుడు, మందు వాడుతున్న ఫిట్టరు జేబులో చిన్న పుస్తకం పెట్టుకోవడం నామర్దా ఎలా అవుతుంది?

కొలత తీసిన చోటనే, తల తిప్పక ముందే, సుద్దతో ఆ ముక్క మీదనే రాయవచ్చును. సైకిలుకు తాళం వేస్తూ, గ్యాస్ కట్టివేస్తూ ఆ మాటను పైకి అనవచ్చును. పలికినది నమోదవుతుంది. తాళంచెవికి ఒకే మేకు ఉండాలి. వారానికి సరిపడా మాత్రలను ఏడు గదుల డబ్బాలో సర్దితే వేసుకున్నామా లేదా అన్న తర్కం, దానివలన రెండుసార్లు మింగే ప్రమాదం తప్పుతాయి. బుద్ధి చురుకుగా ఉండే వేళ ఏదో గమనించి కష్టమైన పనిని ఆ వేళకు పెట్టుకోవాలి.

ఇంటివారికి ఒక మనవి. నిన్న నేనేం చెప్పాను చెప్పండి చూద్దాం అని రోజూ పరీక్ష పెట్టకండి. తడుముకుంటున్న మాటను మీరే అందించి ముగించకండి. సైకిలు కథ పిల్లల ముందు రెండవసారి చెప్పుకుని నవ్వకండి.

అన్నిటికంటె సున్నితమైన సంగతి డ్యూటీది. బండి నడిపేవారు, స్టేషన్ మాస్టర్లు, పాయింట్స్‌మన్, క్రేన్ ఆపరేటర్లు ఇటువంటి మందు మొదలు పెట్టినా, మతి తప్పుతున్నట్లు తోచినా రైల్వే వైద్యునికి చెప్పి తీరవలెను. మెడికల్ కేటగిరీ పోతుందన్న భయంతో పట్టణంలో సొంత డబ్బుతో రహస్యంగా వైద్యం చేయించుకునేవారు ఉన్నారని మేము ఎరుగుదుము. వారి భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. రన్నింగ్ అలవెన్సు మీద ఆధారపడిన సంసారాలు అవి. అయినా ఒక విషయం తెలుసుకోవలెను. మాత్ర వేసుకోవడమే అశక్తత కాదు. కొద్దికాలం వేరే పని ఇచ్చి, నెమ్మదించినాక తిరిగి పరీక్షించే అవకాశం ఉంటుంది. ఒకవేళ సర్వీసులో ఉండగా నిజంగానే అంగీకృత వైకల్యం ఏర్పడినా, ఆ కారణంతో ప్రభుత్వ ఉద్యోగిని తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ, అదే వేతనంతో అనువైన వేరొక పదవి ఇవ్వవలెననీ 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను చెబుతున్నది. ఆ చట్టంలోని వైకల్యాల పట్టికలో మానసిక వ్యాధి కూడా ఉన్నది.

ఈ జవాబును ఆ సోదరికి ముందుగా పోస్టులో పంపినాము. గత నెల ఆమె రెండవ ఉత్తరం వచ్చినది. అట్ట వెనుక రెండు మందుల పేర్లు ఉన్నవట, రెండవది క్లోనజెపామ్. వైద్యుడు దానిని వారాల వ్యవధిలో కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నారు. కుంగుబాటు మందు అలాగే ఉన్నది. చెవి పరీక్షకు కూడా రాసి ఇచ్చినారు. మతి పూర్తిగా కుదుటపడిందని ఆమె రాయలేదు. పోయిన ఆదివారం గోల్‌బజారు నుంచి చింతపండు మరచి వచ్చినారట, సైకిలు మీదనే.