మానని పుండుకు లేజర్ పెట్టించాలా?

గత వారం షట్టరింగ్ పని చేసే ఓ సోదరుడు మాకు ఫోన్ చేశారు. ఊరు జగిత్యాల దగ్గర. "అన్నా, అరికాల్ల పుండు రెండు నెలలాయె, మానుతలేదు. లేజర్ పెడితే మానుతదట. పది సార్లకు పైసలు ముందే కట్టుమంటున్నరు. కట్టాల్నా?" అన్నారు. షుగర్ ఉందా అని అడిగాం. కాసేపు మాట్లాడలేదు. ఉంది, ఆరేళ్లుగా. మాత్రలు అయిపోయి నెల దాటింది.

లేజర్ అబద్ధమేమీ కాదు. 1967లో హంగేరీ డాక్టర్ ఎండ్రే మెస్టర్ తక్కువ శక్తి లేజర్‌ను ఎలుకల మీద వాడితే, గొరిగిన చోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి. తర్వాత పుండ్లకూ వాడారు. ఇది కోసే లేజర్ కాదు. ఎర్రటి కాంతిని, లేదా కంటికి కనబడని పరారుణ కాంతిని కొన్ని నిమిషాలు పుండు మీద పడనిస్తారు. నొప్పి ఉండదు. కొన్ని చిన్న పరిశోధనల్లో షుగర్ పుండ్లు త్వరగా తగ్గాయి. గట్టి రుజువు మాత్రం ఇంకా లేదు. మంచి డాక్టరెవరూ లేజర్ ఒక్కటే చాలనరు.

షుగర్ ముదిరితే పాదానికి స్పర్శ పోతుంది. సేఫ్టీ షూలో గులకరాయి ఉన్నా తెలియదు. రక్తం సరిగా అందదు. రోజంతా ఆ పుండు మీదే నిలబడి, సాయంత్రం లేజర్ పెట్టించుకుంటే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ముందు షుగర్ అదుపులోకి రావాలి. చచ్చిన కండ డాక్టర్ తీసేయాలి, కాలికి రక్తం అందుతుందో లేదో చూడాలి, పుండు మీద బరువు పడకూడదు. డబ్బు కట్టమన్న వాళ్లను ఇవన్నీ చూశారా అని అడగండి.

రూముల్లో మరో వైద్యం నడుస్తోంది: పసుపు, కాఫీ పొడి, వేడినీళ్లు. స్పర్శ లేని కాలికి నీళ్ల వేడి తెలియదు, బొబ్బలెక్కాకే తెలుస్తుంది.

చెబితే ఇంటికి పంపేస్తారన్న భయం మాకు తెలుసు. అందుకే చాలామంది సాక్సు కింద దాచేస్తారు. కానీ వాపు, వాసన, జ్వరం, నల్లబడిన వేలు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వేలితో పోయేది కాలిదాకా వస్తుంది.

ఆ సోదరుడు లేజర్‌కు డబ్బు కట్టలేదు. ఆసుపత్రిలో పుండు శుభ్రం చేసి, మళ్లీ మాత్రలు రాసి, రెండు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారట. క్యాంపు బాస్ మొదట గొణిగినా, డాక్టర్ కాగితం చూశాక సెలవు ఇచ్చారు. కింది బెడ్ కూడా ఇప్పించారు.